విషయం విచారణలో ఉంది

ఆసుపత్రిలో ఆమెను అందరూ పెద్దసిస్టర్ అనేవారు. వయసులో మరీ పెద్దదేమీ కాదు, చెంపల దగ్గర అప్పుడప్పుడే నెరుస్తోంది. మాటకున్న బరువు వల్ల వచ్చిన పేరది. ఆమె "జ్వరం దిగింది" అంటే డాక్టర్లు మళ్ళీ థర్మామీటరు పెట్టి చూసేవారు కాదు. అబద్ధం ఆడటం ఆమెకు చేతకాదు. ఆడాల్సివస్తే ముందు చెవులు ఎర్రబడేవి, ఆ తర్వాత నాలుక మడతపడేది. "నీ ముఖం పేకాటకి పనికిరాదమ్మాయ్, చేతిలో ముక్కలన్నీ నుదుటి మీదే కనిపిస్తాయి" అని అత్తగారు నవ్వేది.

ఊరి చివర పెద్ద జలాశయం ఉంది. దాని ఒడ్డున అద్దాల మేడలో పడవ పందాల ప్రపంచ సమాఖ్య ఆఫీసు. ఏటా అక్కడ పందాలు జరిగేటప్పుడు డోపింగ్ పరీక్షలకి ఆసుపత్రి నుంచి నర్సుల్ని పిలిచేవారు. గెలిచినవాళ్ళు దొంగమందులు వాడలేదని తేలాలంటే వాళ్ళ మూత్రం నమూనా పరీక్షకి పంపాలి. ఆ నమూనా ఇచ్చేటప్పుడు పక్కనుండి కళ్ళారా చూడాలి. ఎవరికీ ఇష్టంలేని పని. పెద్దసిస్టర్ మాత్రం ఏటా వెళ్ళేది. "మనుషుల్ని అలా నిలబడి చూడటానికి సిగ్గు లేదూ?" అని తోటి నర్సులు వేళాకోళం చేస్తే, "వార్డులో చూడనిది అక్కడేం కొత్తగా చూస్తానే?" అనేది.

ఆ ఏడాది ఆడవాళ్ళ ఒంటరి పడవ పందెంలో తూనీగ గెలిచింది. నీళ్ళ మీద తూనీగలా జారిపోతుందని పత్రికలవాళ్ళు పెట్టిన పేరది. గెలిచాక సమాఖ్య మనిషి ఆ పిల్లని బట్టలు మార్చుకోమని లోపలికి పంపాడు. కాసేపటికి తలమీద ముసుగు లాక్కుని, మెడలో గుర్తింపు కార్డుతో బయటికొచ్చింది. పెద్దసిస్టర్ కార్డు చూసింది, ముఖం చూసింది, పోలిక సరిపోయిందనుకుంది. సంతకం పెట్టి లోపలికి తీసుకెళ్ళింది.

గ్లాసు అందిస్తున్నప్పుడు ఆ పిల్ల అరచేయి తగిలింది. దూదిలా మెత్తగా ఉంది. తెడ్డు వేసేవాళ్ళ అరచేతులు ఎలా ఉంటాయో ఏటా వాళ్ళకి గ్లాసులు అందించే మనిషికి వేరే చెప్పాలా? కాయలు కాసి, బండబారి, చెప్పు అట్టలా ఉంటాయి.

"చెయ్యి ఒకసారి చూపించమ్మా" అంది.

ఆ పిల్ల చెయ్యి జేబులో పెట్టేసుకుంది.  తలుపు బయటినుంచి సమాఖ్య మనిషి, "సిస్టర్, ఆవిడ బాగా అలిసిపోయింది. తొందరగా కానివ్వండి" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే పెద్దసిస్టర్ సమాఖ్య అధ్యక్షుడికి ఫిర్యాదు ఇచ్చింది. నమూనా ఇచ్చిన పిల్ల తూనీగ కాదు, వేరే ఎవరో అని. ఇంటికొచ్చి చెబితే, లిఫ్టులు బాగుచేసే పనిలో ఉన్న భర్త స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, "అయితే ఇంక ఆ పని ఊడినట్టే" అన్నాడు.

ఊడలేదు. వారం తిరక్కుండా అద్దాల మేడ నుంచి పిలుపొచ్చింది.

అధ్యక్షుణ్ణి అక్కడ అందరూ పెద్దాయన అంటారు. ముగ్గుబుట్ట లాంటి తల, దిగుడుబావిలోంచి వచ్చినట్టు చల్లని గొంతు. ఆమె గదిలోకి రాగానే లేచి నిలబడ్డాడు. తన చేత్తోనే కుర్చీ జరిపాడు.

"ఇన్నేళ్ళలో నాకు ఇలాంటి ఫిర్యాదు ఇచ్చిన మొదటి మనిషి మీరేనమ్మా. తప్పు జరిగిందనే అంటున్నారుగా. జరిగితే పట్టుకోవాలి. ఎవరు పట్టుకుంటారు? మా వాళ్ళని పెడితే, మీ వాళ్ళే కదా అంటారు. అందుకని మిమ్మల్నే పెడుతున్నాను. నిజాయితీ సంఘం అని కొత్తది వేస్తున్నాం. దానికి అధ్యక్షురాలు మీరు."

 పక్కనే కార్యదర్శి నిలబడి ఉన్నాడు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, ఎప్పుడూ బుగ్గలో పిప్పరమెంటు. సంతకాలు చేయాల్సిన కాగితాలు ముందు పెట్టాడు. "గోప్యత ప్రమాణం మేడమ్. విచారణ సంగతులు బయట మాట్లాడకూడదని. మామూలే." ఆమెకు అది సబబుగానే తోచింది. రోగి సంగతి బయట చెప్పకూడదన్నది తనకు తెలిసిన ధర్మమే కదా అనుకుని సంతకం చేసింది.

మర్నాడు పత్రికల్లో ఆమె ఫోటో వచ్చింది. వార్డులో ఆయాలు చప్పట్లు కొట్టారు. భర్త ఆ ఫోటో కత్తిరించి ఫ్రిజ్‌కి అంటించాడు. అత్తగారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని దాన్ని చాలాసేపు చూసింది.

"నక్కొచ్చిందని కోడి అరిచింది. బాగుంది. అరిచిన కోడికి నక్కలే గూడు కట్టిస్తున్నాయంటే, ఆ గడియ ఎటువైపు ఉందో చూసుకున్నావా అమ్మాయ్?"

"మీకు అన్నిట్లోనూ అనుమానమే అత్తయ్యా."

"అనుమానం కాదు, అనుభవం. ముప్పై ఏళ్ళు మీ మామగారితో కాపురం చేశాను."

గది ఇచ్చారు, తలుపు మీద పేరు రాయించారు. కిటికీలోంచి నీళ్ళు, నీళ్ళ మీద పడవలు కనిపించేవి. సెలవు దొరికినప్పుడల్లా వెళ్ళి కూర్చునేది. సంఘంలో మిగిలిన సభ్యులు తలొక దేశంలో ఉన్నారు. సమావేశం పెడదామంటే ఒకరికి ప్రయాణం, ఒకరికి జలుబు, ఒకరి దేశంలో ఎన్నికలు. నమూనా ఏమైందని అడిగితే, "ప్రయోగశాల వాళ్ళు చూస్తున్నారు మేడమ్" అనేవాడు కార్యదర్శి. ఆ నమూనా ఇచ్చిన పిల్లని పిలిపించమంటే, "సంఘం తీర్మానం కావాలి మేడమ్" అనేవాడు. తీర్మానానికి సమావేశం కావాలి. సమావేశానికి సభ్యులు కావాలి. గానుగెద్దులా తిరిగి తిరిగి మొదలుపెట్టినచోటికే వచ్చేది.

ఒకరోజు ఒక విలేఖరి ఫోన్ చేశాడు. "తూనీగ నమూనా మార్చారని విన్నాం. నిజమేనా మేడమ్?"

నిజమే అని అరవాలనిపించింది. కానీ ప్రమాణం చేసి ఉంది. "విషయం విచారణలో ఉంది" అంది.

"ఎవరు విచారిస్తున్నారు?"

"నేనే."

అటువైపు మనిషి హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు. "మీరైతే ఇంక దిగుల్లేదు మేడమ్" అని పెట్టేశాడు. పత్రికలో ఆ వార్త రాలేదు. ఇంకెవరూ ఫోన్ చేయలేదు.

ఆ ఫోన్ పెట్టేశాకే ఆమెకు సంగతి బోధపడింది. ఆ కుర్చీలో తనుండగా ఎవరూ ఏమీ అడగరు. ఫిర్యాదు చేసిన మనిషే విచారిస్తుంటే ఇంక అనుమానం దేనికి? తను బయటుండి కేకలు పెట్టినా ఎవరో ఒకరు వినేవాళ్ళేమో. ఇప్పుడు తన పేరే ఆ గుట్టుకి మూతైంది.

రాజీనామా ఇస్తానని కార్యదర్శితో అంది. అతను పిప్పరమెంటు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకి మార్చుకున్నాడు.

"ఇవ్వొచ్చు మేడమ్. ప్రమాణం మాత్రం జీవితాంతం ఉంటుంది. బయటికెళ్ళి మాట్లాడితే కేసు. మాట్లాడకపోతే, విచారించి ఏమీ దొరక్క వెళ్ళిపోయిందని మేం చెప్పుకోవాల్సొస్తుంది. పైగా ఆ రోజు గుర్తింపు సరిపోయిందని సంతకం పెట్టింది కూడా మీరేనాయె. ఆలోచించుకోండి."

ఇంటికెళ్ళి భర్తతో చెబితే, పాపం అతను చాలాసేపు బుర్ర గోక్కున్నాడు. "లిఫ్టు మధ్యలో ఆగిపోతే లోపలున్నవాళ్ళకి మేమిచ్చే సలహా ఒకటే. తలుపులు బలవంతంగా తీయకండి, దూకకండి, ఎవరో ఒకళ్ళు వచ్చేదాకా ఊరుకోండి అని."

"ఎవరొస్తారండీ?"

"మేం రావాలి. ఇక్కడైతే ఎవరొస్తారో నాకూ తెలీదు."

వచ్చింది తూనీగే. ఒక ఉదయం వార్డు బయట బల్లమీద కూర్చుని ఉంది. ముఖం మీద మొటిమలు, కళ్ళ కింద నలుపు. నోరు తెరిస్తే మగగొంతు. పందెం గెలిచినప్పుడు టీవీలో ఎప్పుడూ మాట్లాడించకపోవడానికి కారణం పెద్దసిస్టర్‌కి అప్పుడర్థమైంది.

"సిస్టర్, విచారణ ఎప్పుడవుతుంది?" అంది.

"నువ్వు నాతో మాట్లాడకూడదమ్మా. నేను నీతో మాట్లాడకూడదు. రూలు."

"తెలుసు. అయినా వచ్చాను. నన్ను పట్టుకోండి సిస్టర్. ఈసారైనా పట్టుకోండి."

తనని వదిలేయమని బతిమాలడానికి వచ్చిందేమో అనుకున్న పెద్దసిస్టర్ గబుక్కున ఆ పిల్లని మందుల గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

తూనీగకి తల్లిదండ్రులు లేరు. మేనమామే పెంచాడు, ఆయనే కోచ్. పదిహేనో ఏట నుంచి "విటమిన్లు" అని సూదులు పొడుస్తున్నాడు. ఆ రోజు ముసుగు వేసుకుని వచ్చింది ఆయన కూతురే. "నేను మానేస్తాననలేను సిస్టర్. అన్నం పెట్టిన చెయ్యి. ఒకసారి అన్నాను. తిట్టలేదు, కొట్టలేదు. భోజనం మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాలుగోరోజుకి నేనే వెళ్ళి చెయ్యి చాపాను, సూది వెయ్యమని. నిషేధం పడితే అప్పుడు నా తప్పుండదు కదా? ఇంక పడవెక్కు అని ఎవరూ అనలేరు కదా? సుబ్బరంగా నిద్రపోతాను."

పెద్దసిస్టర్ ఆ అరచేతులు పట్టుకుంది. నేనూ నీలాగే ఇరుక్కున్నానని చెప్పడానికి నోరు రాలేదు. "చూస్తాను" అంది.

చూసింది. ఎవరొచ్చినా రాకపోయినా సమావేశం జరగాల్సిందేనని పట్టుబట్టింది. ఆశ్చర్యంగా, అందరూ ఒప్పుకున్నారు. తెర మీద తలొక దేశం నుంచి తలొక ముఖం. ఆమె జరిగింది జరిగినట్టు చెప్పింది. ఒకాయన మర్యాదగా అడిగాడు: "అరచేయి మెత్తగా ఉందన్నది మీ అభిప్రాయమే కదా?" ఇంకొకావిడ, "నమూనాలో మందు లేదని ప్రయోగశాల చెప్పింది కదా?" అంది. మందు వాడని పిల్ల ఇచ్చిన నమూనాలో మందు ఎలా ఉంటుందని ఈమె అడిగేలోపు చేతులు లేచాయి. ఆధారాల్లేవు, తూనీగ నిర్దోషి. ఆమె చెయ్యి ఒక్కటే కింద ఉంది. "నిబంధన ప్రకారం తీర్మానం సంఘమంతటిదీ అవుతుంది మేడమ్. ప్రకటించాల్సింది అధ్యక్షురాలు" అన్నాడు కార్యదర్శి.

మర్నాడు విలేఖర్ల ముందు కూర్చోబెట్టి, కాగితం చేతికిచ్చారు. "నేను చదవను" అంది.

అంత గట్టిగా అనాలనుకోలేదు. కానీ గది నిశ్శబ్దంగా ఉండటంతో అందరికీ వినిపించింది. కార్యదర్శి చిరునవ్వుతో వంగి, ఆమె ముందున్న మైకు తన వైపు తిప్పుకున్నాడు. "మేడమ్‌కి రెండ్రోజులుగా గొంతు నొప్పి. వారి తరఫున నేను చదువుతాను." చదివేశాడు. కెమెరాలు ఆమె ముఖం మీదే ఉన్నాయి. సాయంత్రం టీవీలో తీర్పు కింద ఆమె పేరు పడింది. నిజాయితీకి మారుపేరైన నర్సు స్వయంగా విచారించి తేల్చిన సత్యం, అని.

"గొంతు నొప్పికి ఉప్పునీళ్ళు పుక్కిలించు" అంది అత్తగారు. ఎగతాళి కాదది. ఇంకేం అనాలో ఆవిడకి తోచలేదు.

జలాశయంలో ప్రపంచ పోటీలు మొదలయ్యే రోజు ఉదయం పెద్దసిస్టర్ డ్యూటీకి వస్తుంటే, ఆసుపత్రి గేటు దగ్గర తూనీగ నిలబడి ఉంది. చేతిలో సగం తిన్న బన్ను. కాళ్ళు వాచి ఉన్నాయి.

"జాగింగుకని చెప్పి వచ్చాను. మధ్యాహ్నం పందెం. నిన్న రెండు సూదులు వేశాడు. గుండె కొట్టుకుంటోంటే చెవుల్లో వినిపిస్తోంది సిస్టర్. నేను నిర్దోషినని మీరు చెప్పారటగా?"

పెద్దసిస్టర్ ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించింది. అత్యవసర విభాగంలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఇంకా చిన్నమ్మాయే, చదువు ముగించి వచ్చి ఎన్నాళ్ళో కాలేదు. పెద్దసిస్టర్ అంటే గౌరవం. సూదుల మాట ఎత్తితే ప్రమాణం తప్పినట్టే, కాళ్ళ వాపంటే మాత్రలిచ్చి పంపేస్తారు.

"డాక్టరమ్మా, ఈ పిల్ల గేటు దగ్గర పడిపోయింది. నా కళ్ళముందే రక్తం కక్కుకుంది. వెంటనే చేర్చుకోవాలి."

చెవులు ఎర్రబడలేదు. నాలుక తడబడలేదు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

డాక్టరమ్మ ఇంకేం అడగలేదు. మంచం వేయించింది, చేతికి సెలైన్ పెట్టించింది. కాసేపటికి మేనమామ పరుగెత్తుకొచ్చాడు. "మేం తీసుకెళ్ళిపోతాం, మా డాక్టరున్నాడు" అని కేకలేశాడు. "రక్తం కక్కిన మనిషిని పంపనండీ" అని ఆ చిన్నమ్మాయి తలుపుకి అడ్డంగా నిలబడింది. తూనీగ కళ్ళు మూసుకుని పడుకుంది. మధ్యాహ్నం పందెం ఆమె లేకుండానే జరిగిపోయింది. ఆమె మాత్రం ఆ మధ్యాహ్నమంతా నిద్రపోయింది.

పరీక్షలు చేస్తే నిజంగానే కాలేయం వాచి ఉంది. "ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే మనిషి దక్కేది కాదు. ఇంక పడవ మాట ఎత్తొద్దు" అంది డాక్టరమ్మ. "సమయానికి తెచ్చారు సిస్టర్." పెద్దసిస్టర్ స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చింది.

మర్నాడు కార్యదర్శి యాపిల్ పళ్ళ బుట్టతో వచ్చాడు. తూనీగని పరామర్శించాడు, మేనమామని ఓదార్చాడు. వెళ్తూ పెద్దసిస్టర్‌ని వరండా చివరికి పిలిచాడు. అక్కడ ఎవరూ లేరు.

"మంచి పని చేశారు మేడమ్. అనారోగ్యం వల్ల తూనీగ ఆట నుంచి తప్పుకుంటోందని ఇవాళ ప్రకటిస్తున్నాం. మాకూ ఒక తలనొప్పి వదిలింది. ఇంక ఆ పిల్ల జోలికి ఎవరూ రారు, పాత నమూనా సంగతీ ఎవరూ ఎత్తరు."

ఆమె వార్డు వైపు అడుగేసింది.

"ఒక్క మాట. మీ గేటు దగ్గర కెమెరా ఉంది కదా? మీ ఆసుపత్రి పాలకవర్గంలో మా పెద్దాయన స్నేహితులున్నారు, సరదాగా చూపించారు. పిల్ల బన్ను తింటూ మీతో నడిచొస్తోంది. ఎక్కడా పడిపోలేదు. రక్తమూ లేదు." అతని గొంతులో కోపం లేదు. చుట్టపుచూపుకి వచ్చినవాడిలా మాట్లాడుతున్నాడు. "పోటీ రోజున క్రీడాకారిణిని అబద్ధం చెప్పి ఆపేసిన నర్సు అని తెలిస్తే, మీరు ఇంతకుముందు చెప్పిందీ ఇకముందు చెప్పేదీ ఎవరైనా నమ్ముతారా? ఆ చిన్న డాక్టరమ్మ ఉద్యోగమేమవుతుంది? పిల్లని మళ్ళీ మేనమామకి అప్పగించాల్సొస్తుందేమో కూడా. అబ్బే, మేమెందుకు చెబుతాం? మీరు మా సంఘానికి అధ్యక్షురాలు. మన మనిషి."

"మీరు" అని పిలుస్తూ వచ్చినవాడు "మన" అన్నాడు. 

ఆ సాయంత్రం భర్తతో అంతా చెప్పింది. కొట్లాడదామంటాడేమో, వదిలేయమంటాడేమో అని చూసింది. అతను రెండూ అనలేదు. "పిల్ల బతికిందిగా" అన్నాడు. అత్తగారు పక్కగదిలోంచి, "బతికింది. ఒకదాన్ని బయటికి లాగి, ఇది లోపలికి పోయింది" అని గొణిగింది. ఫ్రిజ్ మీద ఫోటో అప్పటికే ఎవరో తీసేశారు.

తూనీగ కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. మేనమామ మొదట్లో రోజూ వచ్చి మంచం పక్కన తల పట్టుకుని కూర్చునేవాడు. తర్వాత ఇంకెవరో పిల్లలు దొరికారు, రావడం తగ్గించాడు. ఆ పిల్ల డ్రైవింగ్ నేర్చుకుని ఒక స్కూలు వ్యాను నడుపుతోంది. గొంతు మారలేదు. పిల్లలు "డ్రైవరన్నా" అంటే నవ్వుతుందట. అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. "ఆ కుర్చీ వదిలేయండి సిస్టర్" అంటుంది. "అలాగేనే" అంటుంది ఈవిడ. తూనీగకి కెమెరా సంగతి తెలీదు. ఆమె చెప్పలేదు, చెప్పదు.

పదవీకాలం అయిపోయింది. మహాసభలో చప్పట్ల మధ్య ఆమెనే మళ్ళీ ఎన్నుకున్నారు. పెద్దాయన తన చేత్తో పూలగుత్తి ఇచ్చాడు. ఆమె తీసుకుంది.

తర్వాత కొన్నాళ్ళకి, ఆమె ఆ గదిలో కూర్చుని ఉండగా ఒక యువకుడు వచ్చాడు. ఏదో విదేశీ జట్టులో మసాజు చేసేవాడు. తలుపు వేసి, చొక్కా లోపలినుంచి ఒక కవరు తీశాడు.  తమ జట్టులో నలుగురికి మందులిస్తున్నారనీ, పరీక్షలో దొరికినా సమాఖ్యే కప్పిపెట్టిందనీ చెప్పాడు. "మీ పేరు విని వచ్చాను మేడమ్. అప్పట్లో మీరొక్కరే ఫిర్యాదు ఇచ్చారటగా. మీకైతే నమ్మి ఇవ్వొచ్చని..."

ఆమె చెయ్యి చాపలేదు.

"ఇది నాకివ్వకు బాబూ."

"అంటే?"

"నేను తీసుకుంటే ఇది విచారణలోకి పోతుంది. ఇంక నువ్వూ మాట్లాడలేవు, నేనూ మాట్లాడలేను. ఈ మేడలో ఎవరికీ ఇవ్వకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు. వచ్చినదారినే బయటికి తీసుకుపో."

అతను ఆమెను తేరిపార చూశాడు. ఆ చూపులో భయం పోయి అసహ్యం వచ్చింది.

"అయితే మీరూ వీళ్ళ మనిషేనన్నమాట."

 కాదంటే ఎందుకో చెప్పాలి, చెబితే కూర్చుని వింటాడు. అంతలో కార్యదర్శి వచ్చి, కుర్చీ జరిపి, అతని ముందు కాగితాలు పెడతాడు. "వెళ్ళు" అంది, వీలైనంత కటువుగా. "నాకు పనుంది."

అతను కవరు చొక్కాలో దోపుకుని, తలుపు ధడాల్న వేసి వెళ్ళిపోయాడు. వరండాలో కార్యదర్శి గొంతు "ఎవరు కావాలండీ?" అని పలకరించడం వినిపించింది.  "ఎవరూ అక్కర్లేదు" అన్నాడు ఆ అబ్బాయి కోపంగా. అడుగుల చప్పుడు మెట్ల మీదుగా కిందికి దిగింది.

అతను దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళాడో, ఎవరైనా విన్నారో లేదో ఆమెకు తెలీదు. కిటికీలోంచి చూస్తే గేటు దాటి రోడ్డెక్కుతున్నాడు. వెనక్కి తిరిగి ఈ మేడ వైపు చూసి ఉమ్మేశాడు. ఆమె అతను మలుపు తిరిగేదాకా చూసి, సంచి భుజానికి తగిలించుకుని ఆసుపత్రికి బయల్దేరింది.